నలభై నాలుగు ముడులు

వేలూరు సత్తువాచారిలో, నా ఆఫీసు గదిలో, బీరువా మీద ఒక నోటు పుస్తకం ఉంది. అట్ట మీద ‘ఆట నియమాలు’ అని నా చేత్తో రాసిందే. ఇప్పుడు దాన్ని కిందికి దించాలన్నా ఒళ్ళు బరువుగా ఉంటుంది. అందులో ఇరవై మూడు నియమాలున్నాయి. మొదటి నాలుగూ తీరిగ్గా కూర్చుని రాశాను. మిగతావన్నీ ఏదో ఒక ఆదివారం ఎవరో ఒకరితో గొంతు చించుకుని, ఇంటికొచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా కోపంతో రాసినవే.

మేం ఆడింది గోల్ఫ్. వేలూరువాళ్ళకు గోల్ఫేమిటని నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. నా భార్య ఆరేళ్ళు నవ్వింది. నాకు అలవాటైపోయింది.

దీనికంతటికీ మూలం మా వీధి మేస్త్రి. మా వీధిలో తెలుగువాళ్ళం చాలామంది కట్టడం పనుల మీదే బతుకుతున్నాం. నేను ఇళ్ళ ప్లాన్లు గీస్తాను, ఆయన వాటిని లేపుతాడు. మధ్యలో కొన్నేళ్ళు ఆయన బెంగళూరు పక్కన ఒక గోల్ఫ్ మైదానం పనికి పోయాడు. నేల చదును చేయడం, గడ్డి కింద నీళ్ళ పైపులు వేయడం ఆయన పని. పని ముగిసి తిరిగొచ్చేటప్పుడు అక్కడివాళ్ళు పారేసిన స్టిక్కులు పది పన్నెండు, ఒక గోనెసంచి నిండా బంతులు వెంట తెచ్చుకున్నాడు. దూరంగా నిలబడి ఆట చూసినవాడు గనక తనకు నియమాలన్నీ తెలుసని ఆయన నమ్మకం. ఏమీ తెలియదని నా నమ్మకం. మా లీగ్ ఆరేళ్ళూ ఈ రెండింటి మధ్యే నడిచింది.

చోటు మాత్రం నేనే చూపించాను. వేలూరు నుంచి గుడియాత్తం పోయే దారిలో ఒక లేఅవుట్ ఉంది. రాళ్ళు పాతి, వాటికి పసుపు రంగు కొట్టి, మట్టిరోడ్లు వేసి, ఇళ్ళ స్థలాలుగా అమ్ముదామనుకునేసరికి సొంతదారులైన అన్నదమ్ములు కోర్టుకెక్కారు. ఆ స్థలాల పటం గీసింది నేనే కాబట్టి వాచ్‌మన్ మమ్మల్ని లోపలికి రానిచ్చాడు. మేస్త్రి తొమ్మిది చోట్ల నేల చదును చేసి, ఎర్రమట్టీ సన్న ఇసుకా కలిపి పరిచి, రసమట్టం పెట్టి చూసి, ఒక్కోదాని నడుమ నాలుగంగుళాల ప్లాస్టిక్ పైపు ముక్క పాతాడు. అదే గుంత. బంతిని దూరం నుంచి కొట్టుకుంటూ వచ్చి అందులో వేయాలి. ఎన్ని దెబ్బలకు పడిందో అదే లెక్క, తక్కువ దెబ్బలు కొట్టినవాడిదే పైచేయి. గడ్డి మాటెత్తకూడదు. అక్కడున్న పచ్చదనమంతా సర్కారు తుమ్మే.

ఎనిమిది మందిమి ఆడేవాళ్ళం. నలుగురం వేలూరు కట్టడం పనివాళ్ళం, నలుగురు గుడియాత్తం నేతగాళ్ళు. నేతగాళ్ళు రావడానికి కారణం మా బావ. బావ అంటే మా అక్క మొగుడు, గుంట మగ్గం మీద లుంగీలు నేస్తాడు. తొమ్మిది గుంతలకీ జెండాలు కావాలి, గుడ్డ ముక్కలివ్వమని అడిగితే, ఎందుకో ఏమిటో అడక్కుండా తొమ్మిది గళ్ళ గుడ్డలు, ఒక్కోటి ఒక్కో రంగులో, అంచు కుట్టి మరీ తెచ్చాడు. కట్టి పోదామని వచ్చినవాడు నిలబడి చూశాడు. ఒకసారి కొట్టి చూస్తానన్నాడు. బంతి తుమ్మల్లో పోయింది. ఆ తర్వాతి ఆదివారం ఇంకో ముగ్గుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు.

బతుకంతా ప్లాన్లు గీసి, ఆఫీసుల చుట్టూ తిరిగి, అనుమతులు తెచ్చే మనిషిని నేను. ఆదివారమైనా ఎవరికీ సంజాయిషీ చెప్పుకోకుండా ఉందామనుకున్నాను. కానీ కాగితాల పని వచ్చినవాడు నేనొక్కణ్ణే కాబట్టి కార్యదర్శిని నేనే అన్నారు. మావాళ్ళలో చాలామందికి తెలుగు మాట్లాడటమే తప్ప చదవడం రాదు, అక్షరాలు తమిళంలోనే నేర్చుకున్నారు. నేను తెలుగులో రాస్తే ఎవరూ చదవరని తెలిసీ తెలుగులోనే రాశాను. చదివితే దానిమీద ఇంకో గొడవ.

ఆ గొడవలు తలుచుకుంటే ఇప్పటికీ నీరసం వస్తుంది. బంతి హద్దురాయికి తగిలి వెనక్కొస్తే? ఉన్నచోటి నుంచే కొట్టాలి. పేడలో పడితే? పక్కకు జరుపుకోవచ్చు, దెబ్బ లెక్కలోకి రాదు. పేడ ఎండినదైతే? ఎండిందో లేదో ఎవరు తేల్చాలి? ఇది మూడు వారాలు నడిచింది. మేక బంతిని నోట కరుచుకుని పోతే? వాచ్‌మన్ మంచం కింద దూరితే? మంచం ఎత్తొచ్చు, కానీ వాచ్‌మన్ నిద్రలో ఉంటే లేపకూడదని పద్నాలుగో నియమం. ఇవన్నీ పెద్దమనుషులం, పిల్లల్ని కని పెళ్ళిళ్ళు చేసినవాళ్ళం, ఎండలో నిలబడి వాదించుకున్న విషయాలు.

అసలు లెక్క ఇంతే. ఒక్కో గుంతకు ఐదు దెబ్బలు సరైన ఆట అని పెట్టుకున్నాం, తొమ్మిదికి నలభై ఐదు. జతలు జతలుగా ఆడతాం, ఒకరి దెబ్బలు ఒకరు కార్డు మీద రాస్తాం. ఆట అయ్యాక లేఅవుట్ గేటు ముందున్న టీ కొట్టు బెంచీ మీద కూర్చుంటే, నేను లేచి అందరి కార్డులూ పైకి చదువుతాను. చదివిందే ఖాయం. చేతకానివాడు కూడా ఆడాలిగా, అందుకని వాళ్ళకు కొన్ని దెబ్బలు తగ్గిస్తాం. దాన్ని మేం తమిళంలో లాగే సలుగై అనేవాళ్ళం. ఒకడు మామూలుగా యాభై మూడు కొడతాడనుకోండి, వాడికి ఎనిమిది దెబ్బల సలుగై. గడిచిన ఐదు ఆదివారాల కార్డులు చూసి ఎవరికెంతో నేను తేలుస్తాను.

సలుగైతో ఎవడైనా గెలవొచ్చు. అసలు గొప్ప జెండాది. ఏ సలుగై లేకుండా, నలభై ఐదుకు లోపల ఆట ముగించినవాడికి ఒక జెండా ఇవ్వాలని మొదటి ఏడే అనుకున్నాం. రంగులు వాడు చెప్పాలి, బావ నేయాలి. ఆరేళ్ళలో ఐదు జెండాలు నేశాడు. మేస్త్రికే రెండు. ఒకటి వాళ్ళింటి టీవీ మీద పరిచి ఉంటుంది, మనం చూసేదాకా అక్కణ్ణించి కదలనివ్వడు.

బావకు కావలసింది ఆ జెండా ఒక్కటే. ఈ మాట ఆయన దాచుకోలేదు. మొదటి ఏడే చెప్పాడు, పచ్చరంగు, పసుపు అంచు అని. మిగతావాళ్ళు ఎగతాళి చేశారు, ముందు బంతిని తుమ్మల్లోంచి బయటికి తెమ్మన్నారు.

“సలుగైతో గెలిస్తే ఊర్లో చెప్పుకోడానికి బాగుంటాది నాయనా,” అన్నాడు నాతో ఒకసారి బస్సు కోసం నిలబడినప్పుడు. “నాకు నేను చెప్పుకోవాలంటే జెండానే కావల్ల.”

మొదటి ఏడు మాత్రం సలుగై ఇచ్చినా గెలవలేదు. అరవై దెబ్బలు, అరవై రెండు దెబ్బలు. వారమంతా మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చునే మనిషికి, నిలబడి నడుం తిప్పి కొట్టమంటే మాటలు కాదు. బంతి కన్నా ముందు ఆయనే కిందపడతాడేమో అనిపించేది. ఆయన నెమ్మదికి ఓపిక పట్టి వెంట నడిచేవాడు లేక నేనే ఆయనకు జతగా ఉండేవాణ్ణి. అలా ఆయన కార్డు రాయడం నా చేతికొచ్చింది.

ఆ ఏడు ఒకరోజు అక్క ఫోన్ చేసింది. “మానుకుంటానంటాండాడప్పా మీ బావ. ఓడిపోయి ఓడిపోయి మొగం చిన్నబోయుండాది. ఆదివారం ఒక్కటే ఆ మనిషి ఎండ మొగం చూసేది. నువ్వే ఏమన్నా చెయ్యి.”

నేను చేశాను. చాలా తేలికైన పని. ఎలాగూ ఓడిపోయిన రోజున ఆయన కార్డు మీద ఒకటో రెండో దెబ్బలు ఎక్కువ రాశాను. ఓడినవాడు ఇంకో రెండు దెబ్బలతో ఓడితే ఎవరు పట్టించుకుంటారు? కానీ ఆ రెండూ కలిసి సలుగై పెరుగుతుంది. బాగా ఆడిన రోజున ఆ సలుగై అక్కరకొస్తుంది. రెండో ఏడు బావ నాలుగు ఆటలు గెలిచాడు. మూడో ఏట ఏడు గెలిచాడు. గుడియాత్తం నుంచి పొద్దున్నే మొదటి బస్సుకు దిగేవాడు. అక్క నాకు ఇంటి నుంచి మురుకులు పంపింది. తప్పు చేస్తున్నానని నాకు ఒక్క పూటైనా అనిపించలేదు. మంచిపని చేస్తున్నాననే అనుకున్నాను, లోపల కాస్త గర్వపడ్డాను కూడా.

బావకు తనదంటూ ఒక లెక్క ఉండేది. పడుగు పోసేటప్పుడు పోగులు లెక్క తప్పకుండా దారం ముడి వేసుకోవడం ఆయన అలవాటు. ఇక్కడా అదే చేసేవాడు. ఆటకు వచ్చేటప్పుడు బారెడు దారం నడుముకు చుట్టుకుని వస్తాడు. ఒక దెబ్బకు ఒక ముడి. గుంత మారినప్పుడల్లా ఒక వేలెడు ఖాళీ వదులుతాడు. కార్డు నీది, దారం నాది అనేవాడు. నా కార్డును అనుమానించి మాత్రం కాదు. చేతికి పని లేకపోతే ఆయనకు తోచదు. టీ కొట్టు దగ్గర నేను చదివే అంకె విని తలాడించేవాడు, తన దారంలో ఎంతుందో ఎప్పుడూ చెప్పలేదు. ఇంటికి పోయి ఆ దారాన్ని మగ్గం పక్క మేకుకు తగిలించేవాడు. నేను రెండు ఎక్కువ రాసిన రోజుల్లో ఆ దారం నా కార్డుతో కలవదు కదా అని నాకెందుకు తోచలేదో, ఇప్పుడు ఎంత ఆలోచించినా అర్థం కాదు. ఆయన అడగలేదు, నేను తలుచుకోలేదు.

ఆరో ఏడు వచ్చేసరికి అందరం అలిసిపోయాం. నాకు మోకాలి నొప్పి. మేస్త్రికి చక్కెర జబ్బు. గొడవలు మాత్రం తగ్గలేదు. ఒక ఆదివారం ఒక జతలో ఒకడు రెండోవాడి కార్డు మీద ఒక దెబ్బ తగ్గించి రాశాడని తేలింది. మేస్త్రి టీ గ్లాసు బెంచీ మీద కొట్టి లేచాడు.

“ఇంకమీద తప్పు కార్డు రాసినోడు యావడైనా సరే, రాసినోడూ పోవాల, ఆడినోడూ పోవాల! వాళ్ళ ఆటలన్నీ మొదట్నించీ కొట్టెయ్యాల. ఏమప్పా, రాసుకో!”

అందరూ సరే సరే అన్నారు. ఇరవై మూడో నియమం. నా చేత్తోనే రాసుకున్నాను. రాస్తుంటే బావ నా పక్కనే కూర్చుని, “కరెక్టే కదా, ఆడింది ఆడినట్టు రాయాల,” అన్నాడు.

సరిగ్గా ఆ తర్వాతి ఆదివారం. ఆరోజు పొద్దున్నుంచీ ఉక్కగా ఉంది. బావ మొదటి గుంత ఐదింట్లో ముగించాడు, రెండోది ఆరింట్లో. మూడోదానికి బంతి తుమ్మల్లోకి పోయింది. చేతులు గీరుకుపోయి బయటికి తీసి, ఏడు దెబ్బలకు గుంతలో వేశాడు. ఈ రోజు పోయినట్టేలే అనుకున్నాను. అలవాటు ప్రకారం ఏడుకు బదులు ఎనిమిది రాశాను. నాలుగోది ఆరింట్లో ముగిస్తే ఏడు రాశాను. ఎండ, మోకాలు, ఇంటికి పోయి పడుకుంటే చాలుననిపించింది. నేను నిజంగా ఆయన ఆట చూడటం కూడా మానేశాను.

ఐదో గుంత నాలుగు దెబ్బల్లో ముగించాడు. ఆరోది నాలుగు. నేను తల పైకెత్తాను. ఏడోది ఐదు. ఎనిమిదోది నాలుగు. బావకు ఇక మూడే పనులు. కొట్టడం, దారం ముడేయడం, నడవడం. తొమ్మిదో గుంత నీళ్ళ ట్యాంకు కోసం కట్టి వదిలేసిన దిమ్మె పక్కన ఉంటుంది. మొదటి దెబ్బకే బంతి దిమ్మె దాటి ఎర్రమట్టి మీదికి దొర్లింది. మూడో దెబ్బకు పైపులో పడిన చప్పుడు వినబడింది. ఆయన వంగి బంతి తీసుకుని, నా వైపు చూసి నవ్వాడు. ముడి వేసుకున్నాడు.

నేను నడుస్తూ కార్డు కూడుకున్నాను. నలభై ఆరు. అందులో నావి రెండు. బావ కొట్టింది నలభై నాలుగు.

గేటు దగ్గరికి రెండు నిమిషాల నడక. ఆ రెండు నిమిషాల్లో నేను ఆలోచించినంతగా నా పెళ్ళప్పుడు కూడా ఆలోచించలేదు. నిజం చెబితే బావకు జెండా రావాలి. కానీ ఆ మూడు, నాలుగు గుంతల దగ్గర ఎందుకు ఎక్కువ రాశావని అడుగుతారు. అడిగితే మిగతాదంతా బయటపడుతుంది. మొన్న రాసిన నియమం ప్రకారం ఇన్నేళ్ళ బావ గెలుపులన్నీ పోతాయి, ఈ ఆట కూడా పోతుంది. అన్నింటికన్నా, నేను ఆయన మీద జాలిపడ్డానని అందరి ముందు ఆయనకు తెలుస్తుంది. ఇవి నేను నాకు చెప్పుకున్న కారణాలు. అసలు కారణం మేస్త్రి ముందు దొంగగా నిలబడటానికి నాకు ధైర్యం చాలలేదు. బావ చేతిలో ఆట ఉంది, వచ్చే వారం మళ్ళీ కొడతాడులే అనుకున్నాను.

బావ బెంచీ మీద నిటారుగా కూర్చున్నాడు. టీ తీసుకోలేదు. నేను లేచి చదివాను. ఆయన వంతు వచ్చింది.

“నలభై ఆరు,” అన్నాను.

“అయ్యో, ఒక్క రవ్వలో పాయెనే!” అన్నాడు మేస్త్రి. మిగతావాళ్ళు కూడా పాపం అన్నారు. బావ నావైపు చూశాడు. తల దించుకున్నాడు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, చాలాసేపు వాటినే చూసుకుంటూ కూర్చున్నాడు. బాధపడుతున్నాడని నేను అటు చూడలేదు.

తర్వాతి వారం నలభై ఎనిమిది కొట్టాడు. ఆ పైవారం యాభై. తర్వాత వానలు పట్టుకున్నాయి. వానలు వెలిసేసరికి అన్నదమ్ములు రాజీపడ్డారని, స్థలాలు అమ్ముడవుతున్నాయని తెలిసింది. ఒక ఆదివారం పోయి చూస్తే మూడు గుంతలు జేసీబీ కింద పోయాయి. ఆరింటితో ఆడదామన్నారు ఎవరో. అలా నియమాల్లో లేదని నేనన్నాను. ఎవరూ వాదించలేదు. ఆరేళ్ళలో నా మాటకు ఎదురుచెప్పకపోవడం అదే మొదటిసారి. స్టిక్కులన్నీ మేస్త్రి గోనెసంచిలో కట్టి పట్టుకుపోయాడు.

నాలుగు నెలల తర్వాత ఒక ఆసామి నా ఆఫీసుకు వచ్చి, స్థలం కాగితాలు టేబుల్ మీద పరిచాడు. రెండు పడకగదుల ఇల్లు కావాలి. చూడగానే తెలిసింది, అది నీళ్ళ ట్యాంకు దిమ్మె పక్క స్థలం. కొలతలు వేశాను. వంటిల్లు ఈశాన్యం వైపు వద్దు, ఆగ్నేయంలో పెట్టమన్నాడు. ఆగ్నేయంలో పెడితే వంటింటి గట్టు సరిగ్గా తొమ్మిదో గుంత పైపు ముక్క మీదికి వస్తుంది. పెన్సిల్ కింద పెట్టేశాను. రేపు రమ్మని ఆయన్ను పంపించి, పాత కార్డుల కట్టలోంచి ఆ ఒక్క కార్డు వెతికి జేబులో పెట్టుకుని, గుడియాత్తం బస్సెక్కాను.

బావ మగ్గం మీదే ఉన్నాడు. అక్క వంటింట్లో చింతపండు పిసుకుతోంది, నన్ను చూసి ఆ చింతపండు చేత్తోనే బయటికొచ్చి, తిని పొమ్మంది. నేను మగ్గం పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో బస్సులో అనుకున్నవన్నీ మర్చిపోయాను.

“బావా, ఆరోజు నువ్వు కొట్టింది నలభై నాలుగు. నేను రెండు ఎక్కువ రాసినా,” అన్నాను.

మగ్గంలో అటూ ఇటూ పోయే నాడె ఆగింది. ఆయన నావైపు వింతగా చూశాడు. నాకేదో ఒంట్లో బాగాలేదనుకున్నట్టున్నాడు.

“ఏ దినం?”

“తొమ్మిదో గుంత మూడు దెబ్బల్లో కొట్టినావే, ఆ దినం.”

“యాడప్పా. నలభై ఆరే అది. నా దారం కణక్కు గూడా అంతే,” అన్నాడు. నన్ను ఓదారుస్తున్నట్టే అన్నాడు. గుంటలోంచి కాళ్ళు పైకి తీసి, మేకుకున్న దారాల కుచ్చు దించి, వెతికి ఒక దారం లాగాడు. ఆయనకు అది వెతకడానికి ఎక్కువసేపు పట్టలేదు. “ఇదో, నువ్వే ఎంచుకో.”

ఎంచాను. నలభై ఆరు ముడులున్నాయి. ఒక్క క్షణం నాకు హాయిగా అనిపించింది, ఆ సంగతి ఒప్పుకోవాలి. నేనే పొరపాటు పడ్డానేమో, ఎక్కువ రాయలేదేమో. మళ్ళీ మొదటి నుంచి గుంతగుంతకూ విడివిడిగా ఎంచాను. ఐదు, ఆరు, ఏడు, ఆరు. కార్డులో మూడోది ఎనిమిది, నాలుగోది ఏడు ఉంది. నాలుగు, నాలుగు, ఐదు, నాలుగు, మూడు. దాని తర్వాత వేలెడు ఖాళీ. ఆ తర్వాత ఇంకో రెండు ముడులు.

ఆడింది తొమ్మిది గుంతలు. దారంలో పది గుంపులు ఉన్నాయి.

“ఈ రెండూ ఏంది బావా?”

బావ దారం చేతిలోకి తీసుకుని ఆ చివర చూశాడు. “ఓ, ఇవా. నువ్వు చదివినాక వేసుకున్నివి. టీ కొట్టు కాడ. నా దారంలో నలభై నాలుగే ఉన్నింది. యాడో రెండు ముడులు మరిసిపోయినా అనుకున్నా.” కాస్త సిగ్గుపడ్డాడు. “సదువుకున్నోడివి. కండ్ల ముందర రాస్తివి. నువ్వు తప్పు రాస్తావని యాల అనుకుంటా?”

ఆరోజు తల దించుకుని ఒళ్ళోకి చూసుకున్నది అందుకు. నేను పక్కనే ఉన్నాను.

మిగతాదంతా చెప్పాను. అక్క ఫోన్ సంగతి చెప్పలేదు. నా అంతట నేనే చేశానని చెప్పాను. ఓడిన రోజుల్లో ఎక్కువ రాయడం, సలుగై పెంచడం, అన్నీ. ఆయన కుచ్చులోని మిగతా దారాలు తడుముతూ విన్నాడు. చూస్తుంటే వాటిలోనూ చాలావాటికి చివర, విడిగా, ఒకటో రెండో ముడులు కనిపించాయి. ఎన్ని ఆదివారాలు ఆయన తన లెక్క తప్పనుకుని నా లెక్కకు సరిచేసుకున్నాడో నేను ఎంచలేదు. ఎంచే ఓపిక లేదు, ధైర్యమూ లేదు.

“అంటే,” అన్నాడు చివరికి, “ఆ గెలిచినవి గూడా నేను గెల్చినివి కాదు.”

“కొన్ని నీవే బావా.”

“యావేవి?”

నాకు నిజంగా తెలియదు.

“నన్ను ఆడనీలేదప్పా నువ్వు,” అన్నాడు. గొంతు పెంచలేదు. తిట్టి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. తిట్టడం ఆయనకు చేతకాదు, అరవై ఏళ్ళలో నేర్చుకోలేదు. కాళ్ళు మళ్ళీ గుంటలోకి దించి కూర్చుని, ఆ ఒక్క దారం నా చేతికిచ్చాడు.

“విప్పు.”

“ఏంది?”

“ఆ రెండూ విప్పు. కత్తెర వద్దు.”

ఆయన నేత మొదలుపెట్టాడు. నేను పీట మీద కూర్చుని గోళ్ళతో ఆ ముడులు గీకడం మొదలుపెట్టాను. నేతగాడు వేసిన ముడి. పైగా ఆరోజు ఉక్కకు చెమటలో తడిసి, ఇన్ని నెలలు ఎండి, గట్టిపడింది. నా కళ్ళద్దాలు పైకీ కిందికీ జరుపుకున్నాను. పంటితో పట్టాను. దారానికి పట్టించిన గంజి రుచి నోట్లో తగిలింది. అక్క రెండుసార్లు అన్నానికి పిలిచింది. బావ నావైపు చూడలేదు, సాయం చేస్తాననలేదు. మొదటి ముడి విడిపోయేసరికి ఆయన జానెడు గుడ్డ నేశాడు. రెండోది ఇంకా ఆలస్యమైంది. ముందు దాన్ని వదులు చేసి, పోగు చిక్కుపడకుండా వెనక్కి లాగి విప్పాలని అప్పటికి తెలుసుకున్నాను. వేలి చివర మండుతోంది. చివరికి అదీ విడిపోయింది. దారం కొస నలిగి వంకరగా ఉండిపోయింది.

ఆయనకు అందించాను. వేళ్ళ మధ్య పెట్టి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా లాగి చూసుకున్నాడు.

“ఇప్పుడు సదువు,” అన్నాడు.

“ఏంది బావా సదివేది?”

“టీ కొట్టు కాడ నిలబడి సదువుతావే. అట్లా.”

నేను పీట మీద నుంచి లేచాను. మోకాలు పట్టేసింది, మగ్గం గుంజను పట్టుకుని నిలబడ్డాను. ఆయన దారం పైకెత్తి పట్టుకున్నాడు. చూసి చదివాను. “ఐదు. ఆరు. ఏడు. ఆరు. నాలుగు. నాలుగు. ఐదు. నాలుగు. మూడు. నలభై నాలుగు.”

“గట్టిగా.”

మళ్ళీ మొదటి నుంచి గట్టిగా చదివాను. “నలభై నాలుగు,” అన్నాను.

అక్క చేతిలో గరిటెతో వంటింటి గడప దగ్గరికొచ్చింది. “ఏంది ఈ అరుపులు? నలభై నాలుగేంది? ఎవురిది?”

బావ దారాన్ని మేకుకు తగిలించి, నాడె చేతిలోకి తీసుకున్నాడు.

“నాది,” అన్నాడు.